ఇంటి సర్వర్ బ్యాకప్‌కు అంతసేపు ఎందుకు?



ఒకప్పుడు హ్యాండీక్యామ్‌లో మినీ డీవీ క్యాసెట్లు వాడేవాళ్లం. గంట నిడివి క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే సుమారు 13 గిగాబైట్లు అవుతుంది. పెళ్లి, గృహప్రవేశం, బారసాల, తాతగారి షష్టిపూర్తి అంటూ ఇంట్లో ఇరవై క్యాసెట్లు పోగైతే, అవే 260 గిగాబైట్లు. ఇప్పుడు ఫోనుతో 4కే వీడియో తీస్తే, బాగా కుదించి దాచినా, నిమిషానికి 170 మెగాబైట్ల దాకా పడుతుంది. గంటకు పది గిగాబైట్లన్నమాట. బ్లూ-రే డిస్కులో ఒక పొరకు 25 గిగాబైట్లు, రెండు పొరలుంటే 50. వీటికి తోడు సీడీల్లోంచి నాణ్యత తగ్గకుండా తీసిపెట్టుకున్న పాటలు, టేప్ రికార్డర్‌లో పట్టిన హరికథలు, ఆల్బముల్లోంచి స్కాన్ చేసిన నలుపు తెలుపు ఫొటోలు. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, ఇంట్లో ఏ టీవీలోనైనా ఏ ఫోనులోనైనా చూసుకునేలా, వినేలా పెట్టే యంత్రాన్నే మీడియా సర్వర్ అంటాం. కొందరు పాత కంప్యూటర్‌నే అందుకు వాడుకుంటారు. కొందరు నాలుగు హార్డ్ డిస్కులు పట్టే చిన్న పెట్టె కొనుక్కుంటారు. అందులో జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేస్తారు. కొన్నేళ్లు గడిచేసరికి అది పది టెరాబైట్లు దాటినా వింతేమీ లేదు.

ఆ పది టెరాబైట్లకు రెండో ప్రతి తీసి ఉంచడం, ఆ పనిని త్వరగా ముగించడం, ఈ రెండూ ఈరోజు విషయం.

త్వరగా అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మూడు రోజులు పట్టే బ్యాకప్‌ను వారం వారం చేసే ఓపిక ఎవరికీ ఉండదు. మధ్యలో కరెంటు పోతుంది. పిల్లలు టీవీ పెడితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, దాంతో ఎవరో ఒకరు బ్యాకప్ ఆపేస్తారు. అలా వారానికోసారి అనుకున్నది నెలకోసారి అవుతుంది, ఆ తర్వాత పండగకోసారి అవుతుంది. డిస్కు పాడైన రోజున మనకు మిగిలేది ఆఖరి బ్యాకప్ నాటి ఇల్లే, ఆ తర్వాత చేరినవేవీ ఉండవు. అందుకని బ్యాకప్ వేగాన్ని నేను విలాసంగా చూడను. ఎన్ని నెలల జ్ఞాపకాలు పోతాయో తేల్చేది అదే.

ఇక్కడ ఒక అనుమానం తీర్చాలి. మా పెట్టెలో రెయిడ్ ఉంది, ఒక డిస్కు పోయినా ఇంకో డిస్కు కాపాడుతుంది, మళ్లీ బ్యాకప్ దేనికి అని చాలామంది అడుగుతారు. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఆ పద్ధతికి రెయిడ్ అని పేరుపెట్టి పత్రం రాశారు. డిస్కు చెడిపోయినా పని ఆగకుండా చూడటం దాని ఉద్దేశం. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే రెయిడ్ దాన్ని అన్ని డిస్కుల మీదా అదే క్షణంలో చెరిపేస్తుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం అన్నిచోట్లా పడుతుంది. రెయిడ్ మంచిదే. అయితే అది బ్యాకప్ చేసే పని చెయ్యదు.

ఇక నెమ్మదితనం సంగతి. సర్వర్‌లోని డిస్కు నుంచి బ్యాకప్ డిస్కు దాకా ఫైలు చాలా మెట్లు దాటి వెళుతుంది. చదివే డిస్కు, ప్రాసెసర్, కేబుల్, రౌటర్, అవతలి పెట్టె, చివరికి రాసే డిస్కు. పంట కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా చివరి పొలానికి నీళ్లు పారేది మధ్యలో ఉన్న ఇరుకు తూమును బట్టే కదా, ఇక్కడా అంతే. ఆ ఇరుకు ఎక్కడుందో కనిపెట్టకుండా కొత్త డిస్కులు, కొత్త ప్రాసెసర్లు కొంటే డబ్బు పోతుంది, బ్యాకప్ మాత్రం పాత నడకే నడుస్తుంది.

ఇరుకును కనిపెట్టడం తేలిక. పెద్ద వీడియో ఫైలు, కనీసం పది గిగాబైట్లది, ఒకటి తీసుకుని కాపీ పెట్టండి. ఒకటి రెండు నిమిషాలయ్యాక సెకనుకు ఎన్ని మెగాబైట్లు వెళుతున్నాయో చూడండి. మొదటి కొన్ని సెకన్ల అంకెను నమ్మకండి, అప్పుడు ఫైలు ఇంకా మెమరీలోకే వెళుతూ ఉంటుంది. కాగితం దగ్గరుంటే నాలుగు అంకెలు రాసుకోండి: 11, 35, 110, 200. మీకు కనిపించే వేగం వీటిలో దేనికి దగ్గరగా ఉంటే జబ్బు అక్కడున్నట్టు.

సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర కదలకుండా నిలబడిందంటే, మీ కేబుల్ దారి గిగాబిట్ బదులు 100 మెగాబిట్ దగ్గర నడుస్తోంది. ఈ వేగంతో పది టెరాబైట్లకు పది రోజులు దాటుతుంది. కారణం చాలాసార్లు చవకైనది. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు చాలు. ఎలుక కొరికినా, తలుపు కింద నలిగినా, చివరి క్లిప్పు సరిగా బిగించకపోయినా ఒక తీగ తెగుతుంది. అప్పుడు రెండు వైపుల యంత్రాలూ కింది వేగానికి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి మనం పట్టించుకోం. పాత రౌటర్లలోనూ, కొత్తవాటిలో చవక రకాల్లోనూ సాకెట్లే 100 మెగాబిట్‌వి ఉంటాయి. డబ్బా మీద వైఫై వేగం ఎంత గొప్పగా రాసి ఉన్నా, వెనక సాకెట్ల వేగం ఏమిటో విడిగా చూసుకోవాలి.

35 దగ్గర నిలబడిందంటే యూఎస్‌బీ 2 దారిలో ఉన్నారు. 2000 సంవత్సరంలో వచ్చిన ఆ ప్రమాణం కాగితం మీద 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. వాడకంలో 30 నుంచి 40 మధ్య ఇస్తుంది. పది టెరాబైట్లకు మూడు రోజుల పైన. 2008లో యూఎస్‌బీ 3 వచ్చింది, దాదాపు పది రెట్ల వేగం. కానీ చాలా ఇళ్లలో యూఎస్‌బీ 3 డిస్కునే కొని యూఎస్‌బీ 2 వేగంతో వాడుతుంటారు. పోర్టబుల్ డిస్కులకు ఉండే వెడల్పాటి సాకెట్టును చూడండి. అందులో ఒక సగం పాత ఫోను చార్జర్ కేబుల్‌కు సరిగ్గా సరిపోతుంది. అసలు కేబుల్ కనబడక చార్జర్ కేబుల్ గుచ్చితే డిస్కు పని చేస్తుంది, పాత వేగంతో చేస్తుంది. కంప్యూటర్ వైపు కూడా ముందున్న సాకెట్టా వెనకున్నదా, లోపల నీలం రంగు ఉందా లేదా చూడండి. నీలం చాలావరకు యూఎస్‌బీ 3 గుర్తు, అన్ని కంపెనీలూ పాటించవు గానీ.

110 వస్తోందంటే గిగాబిట్ కేబుల్ తన శక్తినంతా ఇస్తోందని అర్థం. పది టెరాబైట్లకు ఒక రోజు, ఇంకో గంట. ఇంతకు మించి కావాలంటే 2.5 గిగాబిట్ ఉంది. 2016లో ప్రమాణమైంది. దాని మేలు ఏమిటంటే గోడల్లో ఇప్పటికే ఉన్న క్యాట్ 5ఈ తీగ మీదే నడుస్తుంది, గోడ పగలగొట్టనక్కర్లేదు. దాని మీద సెకనుకు 280 మెగాబైట్ల దాకా వస్తుంది. పది గిగాబిట్ పెట్టాలని కుర్రవాళ్లు ఉబలాటపడతారు. ఒక్కో హార్డ్ డిస్కు ఇచ్చే వేగమే 200 చుట్టుపక్కల ఉన్నప్పుడు ఆ ఖర్చు బ్యాకప్‌కు అక్కరకు రాదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో ఇంకో బ్యాకప్ డిస్కు కొనడం మేలు.

నాలుగో అంకె 200. అది డిస్కు హద్దు. ఆ హద్దు కూడా స్థిరంగా ఉండదు. డిస్కు లోపల తిరిగే పళ్లెం బయటి అంచున ఒక్క చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది, లోపలి వైపు తక్కువ. అందుకే ఖాళీ డిస్కు ఉత్సాహంగా మొదలై, నిండే కొద్దీ దాదాపు సగం వేగానికి దిగుతుంది. అది రోగం కాదు. కానీ వేగం 150 దగ్గర నుంచి హఠాత్తుగా 20కి పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడుతుంటే మాత్రం ఆ డిస్కు ఎస్ఎంఆర్ రకమేమో చూడండి. వాటిలో ఎక్కువ చోటు కోసం పక్కపక్క ట్రాకులను ఒకదాని అంచు మీదికి ఇంకోటి కొంచెం ఎక్కేలా రాస్తారు. అందువల్ల మధ్యలో ఒక ముక్క మార్చాలంటే దాని పక్కనున్నవి కూడా మళ్లీ రాయాలి. తాత్కాలికంగా దాచుకునే చోటు ఉన్నంతసేపు వేగంగా ఉంటుంది, అది నిండాక నత్తనడకే. 2020లో ఈ రకం డిస్కులను డబ్బా మీద చెప్పకుండా సర్వర్ పెట్టెల కోసమని అమ్మిన సంగతి బయటపడి పెద్ద గొడవ జరిగింది. ఒకసారి రాసి బీరువాలో దాచే ప్రతికి ఎస్ఎంఆర్ పనికొస్తుంది. రోజూ మారే బ్యాకప్‌కు, రెయిడ్‌కు వద్దు. కొనే ముందు మోడల్ నంబరు పట్టుకుని అది ఏ రకమో అడగండి.

కేబుళ్లు బాగున్నాయి, డిస్కు బాగుంది, పెద్ద ఫైలు పరుగెత్తుతోంది, అయినా మొత్తం బ్యాకప్ తెల్లారినా ముగియదు. అప్పుడు చిన్న ఫైళ్లను అనుమానించాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు డేటా చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే నాలుగు మిల్లీసెకన్లు. దానికి ముందు తల అటూ ఇటూ కదలడానికి ఇంకో ఎనిమిది. మొత్తం 12. అంటే సెకనుకు 80 చోట్లకు మించి వెళ్లలేదు. ఇప్పుడు మీ మీడియా సర్వర్ ప్రతి సినిమాకూ పోస్టరు, ప్రతి పాటకూ బొమ్మ, ప్రతి వీడియోకూ పది సెకన్లకొక చిన్న చిత్రం తయారు చేసి పెట్టుకుంటుంది. అలా మూడు లక్షల చిన్న ఫైళ్లు చేరడం తేలిక. ఒక్కొక్కదాని దగ్గరికి ఒక్కసారి వెళ్లి రావడానికే గంట దాటుతుంది, ఇక రాయడం మాట చెప్పనక్కర్లేదు. ఆ మూడు లక్షల ఫైళ్ల మొత్తం బరువు ఒక్క సినిమా అంత కూడా ఉండకపోవచ్చు.

వాటిని బ్యాకప్‌లోంచి తీసేయండి. క్యాష్, థంబ్‌నెయిల్స్, ట్రాన్స్‌కోడ్ అని పేర్లుండే ఫోల్డర్లు సర్వర్ తనంతట తాను మళ్లీ తయారు చేసుకోగలిగినవే. కానీ డేటాబేస్ ఫైలును మాత్రం వదలకండి. ఎవరు ఏ సినిమా ఎంతవరకు చూశారు, ఏ పాటల వరస ఎవరు పేర్చుకున్నారు అన్నది అందులోనే ఉంటుంది. సర్వర్ నడుస్తుండగా ఆ ఫైలును కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో దొరికి రేపు తెరుచుకోకపోవచ్చు. రెండు నిమిషాలు సర్వర్ ఆపి, ఆ ఫోల్డరును ఒకే కట్టగా టార్ ఫైలు చేసి, మళ్లీ నడపండి. ఆ కట్ట కాపీ కావడం క్షణాల పని.

ఇంతదాకా దారిని బాగు చేసుకున్నాం. అసలు లాభం మాత్రం ఇంకోచోట ఉంది. ఒకసారి పంపినదాన్ని మళ్లీ పంపకుండా ఉండాలి.

ఈ విషయంలో ఆస్ట్రేలియాలో ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్‌కు ప్రపంచం రుణపడి ఉంది. 1996లో, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉండగా, ఆయన, పాల్ మకెరాస్ కలిసి ఆర్‌సింక్ అనే పనిముట్టు తయారు చేశారు. ఫోను లైను మీద మోడెములు నడిచే రోజులవి. రెండు ఊళ్లలో ఉన్న ఒకే ఫైలు తాలూకు రెండు ప్రతుల్లో తేడా ఎక్కడుందో, ఫైలు మొత్తం పంపకుండా ఎలా తెలుసుకోవాలి? అవతలి ప్రతిని ముక్కలు చేసి ప్రతి ముక్కకూ ఒక చిన్న లెక్క కట్టి ఆ లెక్కలు మాత్రం ఇవతలికి పంపుతారు. ఇవతల ఫైలు పొడవునా ఒక్కొక్క బైటు జరుగుతూ అదే లెక్క ఎక్కడ కుదురుతుందో చూస్తారు. కుదిరిన ముక్కను పంపనక్కర్లేదు. ఒక్కో బైటు జరిగినప్పుడు లెక్క మొదటి నుంచి కట్టకుండా, పోయినదాన్ని తీసేసి వచ్చినదాన్ని కలిపితే సరిపోయేలా ఆ సూత్రం ఉంటుంది. అందులో ఉన్న అందం నాకు ఇప్పటికీ తనివి తీరనిది. ట్రిడ్జెల్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఈ ఆలోచనను వివరించారు, 1999లో.

అయితే ఇంట్లో మీడియా బ్యాకప్‌కు మనకు అక్కరకొచ్చేది ఆ గొప్ప సూత్రం కాదు, ఆర్‌సింక్ చేసే ఇంకో మామూలు పని. ఫైలు తెరవకుండానే దాని పరిమాణం, చివరిసారి మారిన తేదీ, ఈ రెండూ రెండు వైపులా ఒకటే అయితే దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. మీ పది టెరాబైట్లలో ఈ వారం మారింది ఇరవై గిగాబైట్లే అయితే గిగాబిట్ కేబుల్ మీద మూడు నిమిషాల్లో ఆ ఇరవై చేరిపోతాయి.

దీన్ని చెడగొట్టుకునే దారులు కొన్ని ఉన్నాయి. మొదటి కాపీని మామూలుగా లాగి వదిలే పద్ధతిలో చేసినప్పుడు తేదీలు మారిపోతే, ఆర్‌సింక్‌కు ప్రతి ఫైలూ కొత్తదిగానే కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌ల తరహా ఫార్మాటులో ఉన్న డిస్కులు తేదీని రెండు సెకన్ల తేడాతో గుండ్రం చేసి రాసుకుంటాయి, అక్కడా అదే తంటా. ఆ రెండు సెకన్లను పట్టించుకోవద్దని ఆర్‌సింక్‌కు చెప్పవచ్చు. ఇంకొందరు భద్రత కోసమని, ఫైలు లోపలి డేటాకు లెక్క కట్టి పోల్చే చెక్‌సమ్ ఎంపికను రోజూ పెడతారు. అప్పుడది రెండు వైపులా ప్రతి ఫైలునూ మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. సెకనుకు 200 మెగాబైట్లు చదివే డిస్కుకు కూడా పది టెరాబైట్లు 14 గంటల చదువు. అది నెలకో, మూడు నెలలకో ఒకసారి పెట్టుకోవలసిన పరీక్ష. ఇక కుదించి పంపమనే ఎంపిక. వీడియో, ఎంపీ3, జేపెగ్ ఫొటో ఇవన్నీ పుట్టుకతోనే కుదించినవి. వాటిని మళ్లీ కుదించబోతే ప్రాసెసర్ వేడెక్కడం తప్ప పరిమాణం పెద్దగా తగ్గదు. తీసేయండి.

ఎన్‌క్రిప్షన్ కూడా ఇలాంటిదే. ఇంట్లోనే ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే దారిలో ప్రతి బైటుకూ తాళం వేసి తీస్తుంటే, పాత చిన్న ప్రాసెసర్లున్న పెట్టెలు కేబుల్ వేగాన్ని అందుకోలేవు. 2010 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ లెక్కలకు ప్రత్యేక ఆదేశాలు చేర్చారు, అవి ఉన్న యంత్రాలకు ఇబ్బంది ఉండదు. లేనివాటికి ఇంటి లోపలి వరకు తాళం లేని దారి వాడుకోవచ్చు. ఇల్లు దాటి వెళ్లే ప్రతికి మాత్రం తాళం తప్పనిసరి.

ఒకేసారి నాలుగు కాపీలు పెడితే నాలుగు రెట్లు త్వరగా అవుతుందనుకోకండి. ఒకే హార్డ్ డిస్కు మీద నాలుగు పనులు పెడితే తల నాలుగు చోట్ల మధ్య తిరగడంతోనే కాలం గడిపేస్తుంది. దూరపు సర్వర్‌కు ఇంటర్నెట్ మీద పంపేటప్పుడు మాత్రం నాలుగు కలిపి పంపడం మేలు చేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక్కొక్క ఫైలుకూ జవాబు వచ్చేదాకా వేచి ఉండటంలోనే ఎక్కువ సమయం పోతుంది.

ఆర్‌సింక్‌కు పేరు మార్పు తెలియదు. 'అక్క పెళ్లి' అనే ఫోల్డరును '2006 అక్క పెళ్లి' అని మార్చారనుకోండి, పాతది పోయింది, కొత్తది వచ్చింది అని లెక్కవేసి మొత్తం మళ్లీ పంపుతుంది. ఒక ఆదివారం కూర్చుని సర్వర్ అంతా చక్కగా సర్దిన ఇంట్లో ఆ రాత్రి బ్యాకప్ తెల్లారేదాకా నడవడానికి కారణం ఇదే. సర్దేటప్పుడే బ్యాకప్ వైపు కూడా అదే పేరు మార్పు చేసుకోండి. లేదా బోర్గ్, రెస్టిక్ లాంటివి వాడండి, అవి ఫైలు పేరును కాక లోపలి ముక్కలను బట్టి గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి ఒకసారి దాచిన ముక్కను రెండోసారి దాచవు. రెండు వైపులా జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్నవారికి ఇంకా హాయి. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ బయటపెట్టిన ఆ పద్ధతిలో ప్రతి బ్లాకుకూ అది ఎప్పుడు పుట్టిందో రాసి ఉంటుంది. ఒక క్షణపు స్థితిని అలాగే పట్టి ఉంచేదాన్ని స్నాప్‌షాట్ అంటారు. నిన్నటి స్నాప్‌షాట్ తర్వాత పుట్టిన బ్లాకులనే పంపుతుంది. లక్షల ఫైళ్లను ఒక్కొక్కటిగా తడిమే పనే లేదు, పేరు మార్పు దానికి నాలుగు బ్లాకుల పని. దాన్ని నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి. అందరికీ అదే చెప్పను.

అందరికీ చెప్పేది ఇంకోటి ఉంది. మీ సర్వర్‌లో ఉన్నవాటిని మారేవి, మారనివి అని విడదీయండి. 2011 నాటి ఫొటోలు ఇక మారవు. మినీ డీవీ క్యాసెట్లోంచి తీసిన వీడియో ఇక మారదు. వాటిని సంవత్సరాలవారీగా ఫోల్డర్లు చేసి, రెండు డిస్కుల్లోకి ఎక్కించి, చెక్‌సమ్‌లతో ఒకసారి సరిచూసి, ఆ డిస్కులను తీగ పీకి దాచేయండి. ప్రతి రాత్రీ నడిచే బ్యాకప్ ఈ సంవత్సరం ఫోల్డరును, సర్వర్ డేటాబేసును మాత్రం చూస్తే చాలు. పది టెరాబైట్ల బ్యాకప్ కాస్తా కొన్ని నిమిషాల్లోకి వస్తుంది. ఏ ఖరీదైన యంత్రం కన్నా ఈ విభజన ఎక్కువ సమయం మిగులుస్తుందని గట్టిగా నమ్ముతాను.

విడదీసేటప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోండి: ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? సినిమాలు చాలావరకు దొరుకుతాయి, మళ్లీ కొనుక్కోవచ్చు. నానమ్మ పాడిన మంగళహారతి దొరకదు. లోకం దృష్టిలో పెద్దవైనవి కూడా దొరకకుండా పోయాయి. 1931లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'కాళిదాస్' దక్షిణ భారతంలో తొలి టాకీ, అందులో తమిళంతో పాటు తెలుగు మాటలూ ఉన్నాయి. దాని ప్రతి ఒక్కటి కూడా ఈనాడు మిగిలి ఉన్నట్టు తెలియదు. 2003 జనవరిలో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోని నిల్వ గది అంటుకుని తొలినాటి నైట్రేట్ రీళ్లు ఎన్నో కాలిపోయాయి. దొరకనివాటికే ముందు బ్యాకప్ నడవాలి. చాలా ఇళ్లలో ఫోల్డర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో కాపీ అవుతాయి, దాంతో 'మూవీస్' ఫోల్డరు ముగిసి 'ఫొటోస్' మొదలయ్యేలోగా కరెంటు పోతుంది. ఫొటోలకు, ఇంటి వీడియోలకు వేరే పని పెట్టి దాన్ని ముందు నడపండి. అవి మొత్తం కలిపి ఒక టెరాబైటే ఉంటే గిగాబిట్ మీద రెండున్నర గంటల్లో అయిపోతుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మధ్యలో ఆగితే ఆర్‌సింక్ మళ్లీ నడిపినప్పుడు ముగిసిన ఫైళ్లను వదిలి ముందుకు వెళుతుంది. సగంలో ఆగిన ఫైలును మాత్రం మామూలుగా పారేస్తుంది. పార్షియల్ అనే ఎంపిక పెడితే ఆ సగాన్నీ ఉంచుతుంది. చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కూడా కొన్ని పెట్టెలు ఆరిపోయి మళ్లీ మొదలవుతాయి.

ఇక ఇల్లు దాటే ప్రతి. మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్. ఆ మూడో మాట విలువ మనకు బాగా తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను చుట్టేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో నానింది. సర్వర్, బ్యాకప్ డిస్కు ఒకే గదిలో ఉంటే ఆ నీళ్లు రెండింటినీ ఒకే గంటలో ముంచుతాయి.

వేరే చోటికి ఇంటర్నెట్ మీద పంపాలంటే, 100 మెగాబిట్ అప్‌లోడ్ ఉన్న ఇంట్లో పూర్తి వేగం దొరికినా ఒక టెరాబైటుకు 22 గంటలు. పది టెరాబైట్లకు తొమ్మిది రోజులు దాటుతుంది. కాబట్టి మొదటి ప్రతిని తీగ మీద పంపకండి. ఇంట్లోనే డిస్కులోకి ఎక్కించి, ఎన్‌క్రిప్ట్ చేసి, చేత్తో తీసుకెళ్లండి. 16 టెరాబైట్ల డిస్కును సంచిలో పెట్టుకుని హైదరాబాద్‌లో బస్సెక్కి ఆరు గంటల్లో విజయవాడలో దిగితే, ఆ ప్రయాణంలో డేటా కదిలిన వేగం సెకనుకు 740 మెగాబైట్లు. దాదాపు ఆరు గిగాబిట్ల ఇంటర్నెట్ కనెక్షనుతో సమానం. ఎలాగూ సంక్రాంతికి ఊరు వెళతాం కదా. అక్కడ అన్నయ్య ఇంట్లోనో, చెల్లెలి ఇంట్లోనో చిన్న పెట్టెకు తగిలించి వస్తే ఆ తర్వాత రోజూ చేరే ఒకటి రెండు గిగాబైట్లు రాత్రిపూట నెట్ మీద సునాయాసంగా వెళ్లిపోతాయి.

వేగంతో పాటు వచ్చే ఒక ప్రమాదం ఉంది. సర్వర్‌లో లేనిదాన్ని బ్యాకప్‌లోనూ తీసేయమనే ఎంపిక చాలామంది పెడతారు, రెండూ అద్దంలా ఉండాలని. ఉదయం ఎవరో పొరపాటున ఒక సంవత్సరం ఫొటోలు చెరిపితే, రాత్రి బ్యాకప్ చురుగ్గా వెళ్లి రెండో ప్రతిని కూడా చెరిపేస్తుంది. తీసేసినవాటిని వేరే ఫోల్డరులో తేదీ వేసి కొన్ని నెలలు ఉంచమని ఆర్‌సింక్‌కు చెప్పవచ్చు. స్నాప్‌షాట్లున్నచోట అవే ఆ పని చేస్తాయి. ఈ ఏర్పాటు లేనిదే రోజువారీ బ్యాకప్ మొదలుపెట్టకండి.

చివరగా, తిరిగి తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఇప్పుడే లెక్కవేసి ఉంచుకోండి. బీరువాలోని డిస్కు నుంచైతే పది టెరాబైట్లకు ఒక రోజు, దూరపు ప్రతి నుంచి నెట్ మీదైతే తొమ్మిది పది రోజులు. మూడు నెలలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక సంవత్సరం ఫోల్డరును ఇంకో కంప్యూటర్‌లోకి తెచ్చి తెరవండి. ఒక వీడియోను మొదట్లో, మధ్యలో, చివర్లో నడిపి చూడండి. తెచ్చిన ఫైళ్ల తేదీలు అసలువాటితో సరిపోయాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. తేదీలు మారిపోయాయంటే, ఆ ఫైళ్లను సర్వర్‌లో పెట్టిన రాత్రి బ్యాకప్ మళ్లీ మొదటి టెరాబైటు నుంచి మొదలవుతుంది.